కంపదడిలో పన్నెండు పెట్టలు

ఒక మనిషి తన తెలివితేటలతో పన్నెండు పెట్టలనూ కట్టుకున్న ఆలినీ ఏ గతి పట్టించగలడో చెబుతాను. ఆ మనిషిని నేనే కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వొచ్చు.

యుద్ధం రోజులు. పుంగనూరు దగ్గర పల్లెలో మిషన్ బడి అయ్యవారిని. భార్య ఎస్తేరుకు నెలలు నిండుతున్నాయి, ఒంట్లో రక్తం లేదు. మదనపల్లె ఆస్పత్రిలో కాన్పు చేయించడానికి నాకున్న ఆస్తల్లా ఆ పెట్టలే. వాటిని మా వైపు వాడుక ప్రకారం కూలివాళ్ల ఇళ్లలో సగపాలుకు మేపనిచ్చాను. పిల్లల్లో వాళ్లకు సగం, నాకు సగం.

ఇంతలో పట్టాళానికి కోళ్లు కొనే కాంట్రాక్టరు సంతకు రాసాగాడు. పెంటదిబ్బ మీద పురుగులేరుకుని తనంతట తాను పెరిగే కోడికి ఇంకొకరికి సగమెందుకని నాకు తోచింది. ఇల్లిల్లూ తిరిగి నా పెట్టల్నీ, నా వంతు పిల్లల్నీ పోగుచేసి, పెరట్లో కంపదడి కట్టి అందులో తోశాను. కూలికిపోయే గంగమ్మ, నా పెట్టలు నాలుగు మేపిన ముసలామె, అప్పగిస్తూ ఒక్క మాటే అంది.

"అన్నీ ఒక్క తావున పెట్టొద్దప్పా. తెగులొస్తే ఒక్కటి గూడా మిగల్దు."

నాకే పాఠం చెబుతోందని నవ్వుకున్నాను.

దడిలో పురుగులెక్కడివి? రేషన్ రాగులు పోశాను. కోళ్లు కొత్తల్లుళ్లలా తిన్నాయి. ఎస్తేరు సంకటి ముద్ద నిమ్మకాయంత అయింది. అవి బలిస్తే నీకే కదా అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంతకు రెండు రోజుల ముందు కొక్కెర తెగులు తగిలింది. తన కోడి కూయకపోతే తెల్లవారదనుకుందట వెనకటికొక ముసలమ్మ. నా దడిలో కూయడానికి ఒక్కటీ మిగలలేదు, అయినా తెల్లవారింది. నేను గుంత తవ్వుతున్నాను.

ఎస్తేరు ఇంట్లోనే కన్నది. బిడ్డ బతికింది గానీ తల్లి కళ్లు తెరవలేకపోయింది, చనుబాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

మూడోనాడు గంగమ్మ ముంతలో కోడిచారు తెచ్చింది. యాడిదని అడిగాను.

"మా వంతు పిల్లల్లోదే. తెగులుకు రెండు పోయినా, మిగిలినేటివి ఊరంతా మేస్తాండాయి." ఎస్తేరు తలెత్తి పట్టుకుని తాగించింది. "ఈయమ్మకు పాలు పడేదాకా నేనే తెస్తా. నువ్వు మాత్రం మా యింటి తట్టు రావొద్దప్పా, నీ చెప్పులెంబడి తెగులొస్తాది."

తల్లీబిడ్డా దక్కారు. అందుకే దేవుని ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో కోడిని పెంచను, పెంచేవాళ్లకు సలహా ఇవ్వను, దారిలో కోడి ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని పక్కకు తప్పుకుంటాను.