సాంబయ్య దించని లీవరు

నందిగామ చుట్టుపక్కల ఆయిల్ ఇంజన్ మొరాయిస్తే సాంబయ్యకే కబురు వెళ్లేది. వచ్చి మూత విప్పి, వాల్వు మీది సందులో పలచటి రేకు దూర్చి లాగి చూసేవాడు. రేకు వేళ్లకు కాస్త బిగువుగా తగిలాకే నట్టు బిగించేవాడు. తర్వాత ఇంజన్ తల మీది లీవరు ఎత్తి హ్యాండిల్ తిప్పేవాడు. లీవరు ఎత్తి ఉన్నంతసేపూ వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజన్ అంటుకోకుండా హుస్సుహుస్సుమని గాలి పీల్చి వదులుతుంది. వేగం అందాక లీవరు దించితే ఆ ఊపిరి ఆగి ఇంజన్ అంటుకుంటుంది. ఆ దించడం మాత్రం సాంబయ్య చేసేవాడు కాదు. "మీ చేత్తో దించండి, కలిసొస్తుంది" అనేవాడు రైతుతో. భార్య పుష్పవతి ఉబ్బసంతో పోయిననాడు ఆమె వీపు నిమురుతున్నది అతనే. ఆ హుస్సుహుస్సు అతని అరచేతి కిందే ఆగిపోయింది.

ఒకసారి రత్తమ్మ అనే ఆమె ఇంజన్ ఆగిపోయి, మిరప తోట నీళ్లందక వాడిపోతోంది. ఆమె ఒక్కతే ఉంది, చేతికి కట్టుతో.

"మీరే దించండమ్మా, కలిసొస్తుంది."

"మొన్న ఆ హ్యాండిలు ఎదురు తన్నే నా చెయ్యి ఇరిగింది. దాని జోలికి నే రాను. ఏం, నీకు చేతుల్లేవా?"

సాంబయ్య తిప్పాడు. చొక్కా తడిసిపోయినా తిప్పుతూనే ఉన్నాడు.

"ఎంతసేపయ్యా? అది ఇంజనా, తిరగలా?"

కళ్లు మూసుకుని లీవరు దించాడు. ఊపిరి ఆగింది. ఆ వెంటనే ఇంజన్ దద్దరిల్లింది. నీళ్ల వెంట రత్తమ్మ కాలవ గట్టున పరిగెత్తింది. ఆ మోతలో ఎవరికీ వినపడదని, బతికుండగా ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషిని సాంబయ్య గొంతెత్తి పిలిచాడు.

"పుష్పా!"