సెల్‌ఫోన్లు లేని సెల్ సోవియట్

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువగా ఉండేదని నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. భూగోళానికి ఆయన దగ్గరున్నది ఒక్కటే పుస్తకం. అట్ట ఊడిన పాత రష్యా పుస్తకం, తెలుగులోనే. అందులో సగం ఒక చిన్న నది ఒడ్డు ఊరి గురించే. మా వీధి చివర ఏముందో తెలియని నాకు, ఆ ఊళ్ళో పడవ దిగి ఎటు తిరిగితే పోస్టాఫీసు వస్తుందో తెలుసు. దేవుడి దయ, నాన్న ఓపిక.

నలభై రెండేళ్ళ వయసులో, మా అమ్మాయి పోరు పడలేక ఓపెన్ టెన్త్ కట్టాను. "మీకు తెలిసిన ఒక ఊరి చరిత్ర, పాలన" రాసి తెమ్మన్నారు. దాని మీద స్టడీ సెంటర్ మేడం సంతకం పడితేనే హాల్ టికెట్. ఎల్బీ నగర్‌లో పదిహేనేళ్ళుగా ఉంటున్నా మా కాలనీ ఏ వార్డో నాకు తెలీదు. అందుకని తెలిసిన ఊరి గురించే రాశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తులో మా స్టడీ సెంటర్. మేడం ఫైలు తెరిచి కళ్ళజోడు పైకి తోశారు.

"ఏందమ్మా ఇది? సెల్ సోవియట్ అంట. సెల్‌ఫోన్ల దుకాణమా?"

"కాదండీ, అక్కడ గ్రామ పంచాయతీని అలా అనేవారు."

"నువ్వెప్పుడన్న పోయినవా ఆడికి?"

"లేదండీ. ఎల్బీ నగర్ నుంచి బస్సు లేదు కదండీ." భయంలో నోటికి ఏదొస్తే అది అనేశాను.

మేడం నవ్వలేదు. "చూడని ఊరు రాస్తే నేనైతే సంతకం పెట్ట."

ఫైలు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. ఆంజనేయస్వామిని తలుచుకుని ఊరి కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మొదట చేపలు పట్టేవాళ్ళొచ్చారు, తర్వాత నదిలో దుంగలు తేల్చుకుంటూ వచ్చేవాళ్ళు. రంపపు మిల్లు పెట్టాక పట్నం హోదా ఇచ్చారు. మిల్లు మూతపడ్డాక మళ్ళీ పల్లెటూరు చేసేశారు, ఇది మాత్రం మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది.

మేడం పెన్ను కింద పెట్టారు. "పట్నాన్ని మళ్ల ఊరు చేసిన్రా? గట్ల గూడ చేస్తరా?"

"చేశారండీ."

"మా అల్మాస్‌గూడకు గూడ జర చెయ్యమను. మున్సిపాలిటీల కలవకముందు, ఊరున్నప్పుడు మా నాయిన నల్లా నీళ్ల కోసం సర్పంచ్‌తోని కొట్లాడెటోడు. ఇప్పుడు ఎవరితోని కొట్లాడాల్నో తెల్వక పరేషాన్ అయితున్నడు. సరే, గా ఊర్ల నల్లా రాకుంటే ఎవరికి చెప్తరు?"

పుస్తకంలో అది లేదు. "నది పక్కనే కదండీ," అన్నాను. "బకెట్ తీసుకెళ్తారనుకుంటా."

మేడం పడీ పడీ నవ్వారు. సంతకం పెట్టి, పక్కన "పాలన బాగున్నది" అని కూడా రాశారు.

హాల్ టికెట్ చేతికొచ్చిన రోజు కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళాను.

"అర్చన ఎవరి పేరు మీదమ్మా?" అన్నారు పూజారిగారు.

ఊరి పేరు చెప్పాను. ఆయన ఆ పేరు పలకబోయి రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ సగంలో ఆగారు. "గోత్రం?"

"తెలీదండీ. రష్యా."

"అయితే కాశ్యప అనేద్దాం. సకుటుంబంగానేనా?"

"ఊరంతా అండీ," అన్నాను.