దిగదప్పా అన్నది మా అక్క

మా అక్క పోయిన పదకొండో నాడు ఎమ్మిగనూరులో ఆమె ఇంటి ముందు షామియానా వేశారు. దాని కింద ఆకు ముందు కూర్చున్న ఒక పెద్దాయన నా భుజం తట్టి, "అంతా తలరాతప్పా. మన సేతుల్లో ఏముంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వడ్డన ఆపి నా ముఖంలోకి చూశారు. తలరాత అన్న మాట నా ముందు అని క్షేమంగా ఇంటికి పోయినవాడు ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య లేడు. బడిలో పాఠం చెప్పినా, సభలో మాట్లాడినా, పెళ్ళి పందిట్లో పురోహితుడితో గొడవ పడినా నలభై ఏళ్ళుగా నా వాదం ఒకటే. జరిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతకడానికి బద్ధకించినవాడే తలరాత అంటాడు.

ఆ రోజు నోరు పెగల్లేదు. తలరాత కాకపోతే మరేమిటి చెప్పు అని ఆయన తిరిగి అడిగి ఉంటే జవాబు నా దగ్గరే ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

పోయిన చలికాలంలో మా అమ్మాయి మమ్మల్ని ఓడ ఎక్కించింది. అది బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. డెబ్భై ఏళ్ళు దాటినా సముద్రం చూడని మేనత్తకు సముద్రం చూపించాలని దాని కోరిక. అక్క, నేను, నా భార్య, అమ్మాయి, నలుగురం ఆదోనిలో రైలెక్కి ముంబై పోయాం. అక్కడ ఓడెక్కి మూడు రోజులు నీళ్ళ మీద తిరిగి రావాలి. తిండీ నిద్రా అన్నీ ఓడలోనే.

తిండి అనగానే అమ్మాయికి అక్క గురించి బెంగ పట్టుకుంది. అక్క తిండి సంగతి మా వంశంలో ఒక వేళాకోళం. బావ మగ్గం నేసేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి ఎవరు ఏం పెట్టినా "ముద్ద దిగదు" అనేది. దుఃఖంలో ఉన్న మనిషి అనే మాటే అది, అందరూ అనేదే. ఆ తర్వాత గురువారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది. నెలకోసారి మంత్రాలయం బస్సెక్కేది. బయటి వంట ముట్టనంది. మడి అని, మైల అని, ఎవరి చేతిదో అని లెక్కలు. మనుషుల చేతుల్లో మైల వెతికే ఆ లెక్కల మీద నేను కరపత్రాలు వేసినవాణ్ణి. నా సొంత అక్క ఇంట్లోనే అవి పెరగడం నాకు తలవంపుగా ఉండేది. ఆమెతో వాదించని పండగ లేదు. ఆమె నవ్వేది, పొయ్యి మీద ఉన్నది దించి నాకు పెట్టేది.

ముంబైలో ఓడ ఎక్కేముందు సామాన్లు తనిఖీ చేశారు. అక్క సంచిలో పెద్ద బొరుగుల కవరు, చిన్న డబ్బాలో పుట్నాల పొడి బయటపడ్డాయి. బయటి తిండి లోపలికి రాకూడదని అక్కడి ఉద్యోగి హిందీలో చెప్పాడు.

"ఇవి తిండి గాదు నాయనా, బొరుగులు" అంది అక్క, తెలుగులోనే.

మా అమ్మాయి పగలబడి నవ్వింది. నేను అన్నాను: "రూలంటే రూలుక్కా. లోపల పెండ్లి విందు మాదిరి పెట్టింటారు."

"పెండ్లి విందు ఎవురికి కావాలప్పా. పొద్దున్నే ఇన్ని బొరుగులు తడుపుకుంటే సాలు నాకు. మెత్తగుంటాయి."

మెత్తగుంటాయి అంది. ఆ మాట నా చెవిన పడింది, లోపలికి పోలేదు. ఆ కవరు నేనే తీసి తనిఖీ బల్ల మీద పెట్టాను. నిజం చెప్పాలంటే సంతోషంగా పెట్టాను. మూడు రోజులు ఇంటి పొయ్యి ఉండదు, ఎవరు వండారో తెలిసే దారి ఉండదు, ఆకలి మంచి గురువు, ఇన్నేళ్ళు నా ఉపన్యాసాలు చేయలేని పని ఈ ఓడ చేస్తుంది అనుకున్నాను.

భోజనాల హాలు మా ఆదోని మార్కెట్ యార్డు షెడ్డంత ఉంది. ఎవరికి కావలసింది వాళ్ళు ప్లేటులో వడ్డించుకోవాలి. పాస్తా, నూడుల్స్, రకరకాల రొట్టెలు, పేర్లు తెలియని ఆకులు, ఒక మూలన మన అన్నమూ పప్పూ కూడా ఉన్నాయి. అమ్మాయి ఒక్కొక్కటీ చూపిస్తూ "ఇదిగో అత్తా, ఇది మైదాతో చేస్తారు, ఇందులో గుడ్డు లేదు" అని చెబుతోంది. అక్క పాస్తాను వేలితో నొక్కి చూసి, "ఇవేం పిల్లా, సైకిల్ ట్యూబు తుంపులు మాదిరున్నాయి" అంది. చివరికి కాస్త అన్నం, పప్పు పెట్టుకుంది. చిన్నపిల్లలకు కలిపినట్టు గోళీ అంత ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. ఎంతసేపో నమిలింది. రెండో ముద్ద సగంలో చెయ్యి ఆపేసింది.

"ఏమక్కా?"

"దిగదప్పా."

నేను ఆగలేదు. ఎందుకు ఆగుతాను, మాట చేతికి దొరికినప్పుడు? "ఎట్ల దిగుతుందక్కా? ఇప్పుడే గదా ఓడెక్కినాం. దిగేది ఎల్లుండి!"

బల్ల చుట్టూ నవ్వులు. పక్క బల్ల దగ్గర ఎవరో తెలుగువాళ్ళున్నట్టున్నారు, వాళ్ళూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూ నీళ్ళ గ్లాసు అందుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం, అక్క చేయి కడుక్కోవడానికి పోయినప్పుడు నా భార్య నా వైపు వంగింది. "వదిన ప్రతి ముద్దకూ గుక్కెడు నీళ్ళు తాగుతాంది, సూసినారా?"

"అలవాటులే."

"అలవాటు గాదు. రొట్టె మింగేటప్పుడు కండ్లు మూసుకుంటాంది. రైల్లో గూడ అంతే. నాకేమో బాగనిపించల్యా."

"కండ్లు మూసుకొని మంత్రం సదువుకుంటాంటుంది, మైల పోవాలని" అన్నాను నేను. నా భార్య నా వైపు ఒక చూపు చూసి ఊరుకుంది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో నాతో వాదించి గెలవలేనని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆలోచిస్తే అది నా గెలుపుల జాబితాలోకి రావాల్సిన విషయం కాదు. ఆమె నాతో వాదించడానికి రాలేదు. తను చూసింది చెప్పడానికి వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మాయి ఐస్‌క్రీమ్ తెచ్చింది. అక్క ఒక కప్పు తిన్నది, ఇంకోటి ఉందా అని అడిగింది. రెండోది కూడా అడుగు వరకూ గీకి తిన్నది. తర్వాత పల్చటి టమోటా సూపు ఒక గిన్నెడు తాగింది. రెండు రోజుల్లో ఆమె కడుపులోకి సరిగా పోయింది అవే. ఆమె ముఖం తేటబడింది. మా అమ్మాయి ఊపిరి పీల్చుకుంది.

నాకు మాత్రం చర్చలో ప్రత్యర్థి కాలు జారినప్పుడు కలిగే ఉత్సాహం కలిగింది. "ఇప్పుడు సెప్పు అక్కా. ఈ ఐస్‌క్రీమ్ ఎవురు సేసినారో తెలుసునా? ఏ కులమోడు, ఏ మతమోడు? ఈ సూపు ఎవురి సేతిది? అన్నానికి ఉండే మడి ఐస్‌క్రీమ్‌కు లేదా?"

అక్క చెంచా నాకుతూ, "నీతో మాట్లాడి ఎవురు గెలిసినారప్పా" అంది. కప్పు బల్ల మీద పెట్టి, "ఇది సల్లగ జారుతుంది" అంది.

నేను ఎన్ని సభల్లో చెప్పానో. ఒక నమ్మకంతో పొసగని సంగతి కనబడితే అక్కడ ఆగండి, మీ వివరణ తప్పేమోనని అనుమానించండి అని. ఆ సంగతి నా కళ్ళ ముందు రెండు ఖాళీ కప్పులుగా నిలబడి ఉంది. మడి పట్టించుకునే మనిషి అయితే అదీ తినదు, ఇదీ తినదు. గట్టిది వదిలేసి పల్చటిదీ మెత్తటిదీ మాత్రమే తీసుకుంటుందంటే దానికి కారణం మడి కాదు. అయిదో తరగతి పిల్లవాడు కూడా తేల్చగల లెక్క. నేను దాన్ని ఆమె మీద విసరడానికి రాయిలా వాడుకున్నాను.

అమ్మాయి అప్పుడొక మాట అంది. "నాయనా, అత్తకు సముద్రం పడలేదేమో. మాత్ర ఇద్దామా?" సముద్రం కాదు, మూఢనమ్మకం అన్నాను. దానికి మాత్ర లేదన్నాను. మళ్ళీ నవ్వులు.

ఇక్కడ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో తిండికి మొండికేసేది మొదట నేను. ఆదోనిలో మా అమ్మ పత్తి మిల్లుకు పనికి పోయేది. నన్ను సాకింది అక్కే. నాకు ఐదేళ్ళప్పుడు ఒకసారి మూడు రోజులు రొట్టె ముట్టలేదు. జొన్నరొట్టె చూస్తేనే ఏడుపు. అవ్వ దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. నాన్న పొగరు అని చెయ్యెత్తాడు. అప్పుడు అక్కకు పదిహేనేళ్ళు, బడి మానేసి చాలా రోజులైంది. నన్ను చెయ్యి పట్టుకొని వాకిట్లోకి, ఎండలోకి లాక్కుపోయింది. "నోరు తెరువు" అంది. పెదవి కిందికి లాగి చూసింది. దవడలు చూసింది. "నాలిక పైకెత్తు" అంది. చూసి ఇంట్లోకి కేకేసింది. "దిష్టీ గాదు, పొగరూ గాదు! నాలిక కింద జొన్నగింజంత పుండుంది వీనికి!"

రొట్టె తుంచి చల్లటి పాలలో నానబెట్టి, వేళ్ళతో మెదిపి, నా నాలుకకు తగలకుండా దవడ పక్కన పెట్టింది. మింగాను. "దిగిందా?" అని అడిగింది. తల ఊపాను. ఇంకో ముద్ద పెట్టింది.

ఓడలో ఉన్న మూడు రోజుల్లో ఒక్కసారైనా నేను "నోరు తెరువక్కా" అనలేదు. మూడు రోజులూ తెరిచి ఉన్నది నా నోరే.

ముంబైలో ఓడ దిగి నేల మీద అడుగుపెట్టగానే అక్క నా చేయి పట్టుకొని నవ్వింది. "దిగినాంలే అప్పా. మనిషి దిగినాడు, ముద్దే దిగల్యా." నా ఛలోక్తిని మూడు రోజులు దాచుకొని నాకే తిరిగిచ్చింది. భలే అన్నావక్కా అని మెచ్చుకున్నాను.

నెలన్నర తర్వాత నా భార్య ఏదో పని మీద ఎమ్మిగనూరు పోయి ఆమెను చూసింది. రవికెలు లోపలికి కుట్టుకొని వేసుకుంటోందట. గాజులు మోచేతి దాకా జారుతున్నాయట. నన్ను అడగకుండానే, నాకు ఫోన్ చేయకుండానే ఆమెను కర్నూలు తీసుకుపోయింది. సంగతి తెలిశాక నేను వెనక బస్సులో పోయాను. గొంతులోకి కెమెరా వేసి చూశారు. అన్నవాహికలో గడ్డ. చాలావరకు మూసుకుపోయింది. ముందు గట్టి తిండి ఆగిపోతుంది, తర్వాత మెత్తటిది, చివరికి నీళ్ళు కూడా ఆగుతాయి అని డాక్టరు వివరించాడు. నాకు ఆ వరుస ముందే తెలుసు. చూశాను కదా.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మా?"

"ఓడెక్కకముందు నుంచే సార్."

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీకు చెప్పలేదా?"

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "వానికి నేను సెప్పల్యా సార్. సెప్పింటే వాడు ఊరుకునేటోడు గాదు."

నేను దిద్దలేదు. సభల్లో అబద్ధం వినబడితే కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి, ఆ గదిలో తల వంచుకొని కూర్చున్నాను. ఇప్పుడు దిద్దుతున్నాను. ఆమె చెప్పింది. తేట తెలుగులో, నలుగురి ముందు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దిగదు అంది. దిగడం లేదు కాబట్టే దిగదు అంది. నేను దాన్ని సామెతగా విన్నాను.

ముందే వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును విడిగా అడిగాను. చెప్పలేం అన్నాడు. ఆ ఒక్క మాట కింద నీడకు కూర్చోవాలని నాకు లేదు. హేతువాదం ఆమెను చంపిందని నా వెనక ఎవరో అన్నారని విన్నాను. అది తప్పు. ఆ మూడు రోజుల్లో నేను దాన్ని వాడనే లేదు. ఒక నమ్మకాన్ని పట్టుకొని కూర్చున్నాను. అది నా సొంత నమ్మకం కావడంతో దానికి మూఢనమ్మకం అన్న పేరు పెట్టలేకపోయాను.

చివరి వారాలు ఎమ్మిగనూరులో ఆమె దగ్గరే ఉన్నాను. రాగి అంబలి పల్చగా కాచడం నేర్చుకున్నాను. అందులో నలక ఉన్నా ఆమె గొంతు పట్టేస్తుంది. అందుకని ఆమె పెట్టెలో ఎప్పుడో బావ నేసిన తెల్లటి నూలు గుడ్డ ముక్క తీసి, ఉతికి, దాంట్లో రెండుసార్లు వడగట్టేవాణ్ణి. చెంచాతో కొద్దికొద్దిగా.

ఒక రోజు చెంచా ఎత్తి ఆగిపోయాను. గురువారం అని గుర్తొచ్చింది. నా జీవితంలో మొదటిసారి అడిగాను: "అక్కా, ఈ పొద్దు ఒక్కపొద్దా?"

ఆమె కళ్ళలో పాత నవ్వు కదిలింది. "ఇప్పుడు అన్ని పొద్దులూ ఒక్కపొద్దే గదప్పా" అంది. గొంతు బాగా తగ్గిపోయింది, చెవి దగ్గర పెడితే గానీ వినబడదు. "పెట్టు. మడి లేనోని సేతి అంబలి ఎట్లుంటుందో సూస్తా."

పెట్టాను. కళ్ళు మూసుకుంది. ఓడలో మూసుకున్నట్టే. చాలాసేపు అట్లాగే ఉంది.

"దిగిందా అక్కా?"

"దిగిందప్పా" అంది.

ఆ మాట మీద నాకు నమ్మకం చాలలేదు. కిటికీ రెక్క పూర్తిగా తెరిచి, వెలుతురులో ఆమె గొంతు వైపు చూస్తూ కూర్చున్నాను.