ప్రార్థనలో ఉన్నాను

ఆ రోజుల్లో నా అంత తెలివితక్కువవాడు మా సంఘంలో మరొకడు లేడు. నేను తెలివైనవాణ్ణనుకోవడమే ఆ తెలివితక్కువతనంలో ముఖ్యభాగం. కడియంలో ఒక నర్సరీలో గుమస్తాగా చేరిన కొత్త. మొక్కల ధరలు అడిగేవాళ్ళకు ఫోనులో జవాబులివ్వడం, చిన్న ట్రక్కు ఆటోలో మొక్కలు చేరవేయడం నా పని. ఆటో రాత్రిళ్ళు మా ఇంటి ముందే ఉండేది. ఆ ఏడాది శ్రమల దినాల్లో (ఈస్టర్ ముందు నలభై రోజులు) అందరూ ఎవరింట్లో వాళ్ళు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా ప్రార్థన చేయాలనీ, లేవగానే నాకు వాట్సాప్‌లో చెప్పాలనీ పాస్టరుగారు ఏర్పాటు చేశారు. "ఈ అబ్బాయి మన సంఘానికి కావలివాడు" అని ఆదివారం అందరిముందూ ప్రకటించారు. కావలివాడినయ్యాను గానీ, నాకు కావలసింది నిద్ర.

మూడు రోజులు లేచాను. నాలుగో రోజు నర్సరీ ఫోను గుర్తొచ్చింది. పనివేళలు దాటాక ఎవరైనా రాస్తే, దానంతట అదే జవాబిచ్చే ఏర్పాటు అందులో ఉంది. అదే నా ఫోనులోనూ పెట్టాను. ఆ గంటలో ఎవరు ఏం పంపినా, "దేవునికి స్తోత్రం! నేను ప్రార్థనలో ఉన్నాను" అని వెళ్ళిపోతుంది. ఫోనుకు నిండా ఛార్జింగ్, నా దీపంలో మాత్రం చుక్క నూనె లేదు. రెండు వారాలు ఆ ఫోను నా బదులు నిష్ఠగా ప్రార్థించింది. "ఏం భక్తండీ, పంపీపంపకముందే జవాబు!" అని పాస్టరమ్మగారు మెచ్చుకుంటే, సిగ్గుపడాల్సింది పోయి వినయంగా తల వంచాను.

మా నర్సరీలో మామిడి అంట్లు కట్టే మామ్మ ఒకావిడ ఉండేది, మా సంఘమే. అందరూ అంట్లమామ్మ అంటారు (గిన్నెలు తోమే అంట్లు కావు). చదవడం వచ్చు గానీ రాయడం రాదు, గొంతు మెసేజీలే పంపేది. ఒక తెల్లవారుజామున ఎవరో తలుపు తడితే లుంగీ సర్దుకుంటూ తీశాను. ఎదురుగా మామ్మ.

"ప్రార్థన అయిందా బాబూ? మధ్యలో లేపకూడదని ఐదున్నరదాకా ఆగాను. తాత దొడ్లో జారిపడ్డాడు, కాలు కదపలేకపోతున్నాడు. నీ ఆటోలో రాజమండ్రి తీసుకెళ్దామని మెసేజీ పెట్టాను కదా, ప్రార్థనలో ఉన్నానన్నావు." నా చెంపమీది దిండు గీతలు చూసి, "పాపం, ఎంతసేపు మంచానికి తల ఆనించి మోకరించావో!" అంది.

ఆటో ఎలా తోలానో నాకు తెలీదు. వెనక గోనెసంచుల మీద తాత మూలుగుతూ, మధ్యమధ్య "నిదానం నాయనా, నేను మొక్కను కాదు" అంటున్నాడు. ఎముక చీలింది. కట్టు కట్టి, గండం లేదన్నారు డాక్టరు. గంట ముందొస్తే ఆ గంట నొప్పన్నా తప్పేది. ఆ మాట డాక్టరు అనలేదు, దారంతా నేనే అనుకున్నాను.

ఆదివారం సాక్ష్యాల వేళ మామ్మ లేచి నిలబడింది. "ఆ బాబు ప్రార్థనే మా తాతను కాపాడిందండి!" అంది. సంఘమంతా ఆమెన్ అన్నారు. నా ఒక్కడి ఆమెన్‌కు ఫోనులో ఏ ఏర్పాటూ లేదు.

ఆరాధన అయ్యాక చెప్పులు విడిచే చోట మామ్మను ఆపి మొత్తం చెప్పేశాను. ఆవిడ చాలాసేపు చెప్పు వేలికి తగిలించుకోవడానికే తంటాలు పడింది.

"మరి ఆయన గంటసేపు మూలుగుతుంటే, నేను ఎవరి నిద్రకోసం ఆగానురా?"

అంతవరకూ బాబూ అన్న మనిషి. ఆ 'రా' ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పోయేటప్పుడు వెనక్కి తిరిగి, "రేపట్నుంచి మెసేజీ పెట్టను. ఫోనే చేస్తాను. నీ నోటితో నువ్వే పలకాలి" అంది.

చేసింది. ఆ నలభై రోజులే కాదు, ఈ ఆరేళ్ళూ. నాలుగున్నర కొట్టగానే "లేచావా?" అని ఒకటే మాట. పెళ్ళయిన మర్నాడు కూడా మానలేదు (మా ఆవిడ ఇంకా క్షమించలేదు). తిట్టుకుంటూనే లేచాను, లేచాక ఊరికే కూర్చోలేక మోకరించాను. పాస్టరుగారికి కూడా ఆ నెలలోనే నిజం చెప్పాను. ఆయన కావలి తీసేశారు, మామ్మ తీసెయ్యలేదు.

మొన్న మాత్రం పావుగంట ముందే మెలకువొచ్చింది. ఆరేళ్ళ పగ తీర్చుకోవచ్చని నేనే ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"లేచారా మామ్మగారూ?"

అవతల పెద్ద ఆవలింత. తర్వాత, ముద్దముద్దగా, "ఆఁ... ప్రార్థనలో ఉన్నాను బాబూ."

నవ్వు ఆపుకుని, "దేవునికి స్తోత్రం!" అని ఫోను పెట్టేశాను. మధ్యలో లేపకూడదు కదా.