సువర్ణ ఆగిన పేజీ

ధర్మవరంలో చీరలు నేసే శ్రీరంగప్ప, చనిపోయిన భార్య సువర్ణ చదివిన పుస్తకాలన్నీ ఆమె ఫోనులోనే ఉన్నాయనుకున్నాడు. అది పాడైనా పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచి, రోజూ మగ్గంలో కూర్చునే ముందు ఒకసారి తాకి వచ్చేవాడు.

“పుస్తకాలేమన్నా చెనిక్కాయలా మామా, మూటగట్టి పెట్టేకి?” అని నవ్వి, మేనకోడలు గౌతమి తన అత్త ఖాతాతోనే ఆయన ఫోనులో పుస్తకాల యాప్ తెరిచింది. పుస్తకాలు ఒక్కొక్కటే వచ్చి వరుసగా నిలబడ్డాయి. సువర్ణ పసుపు రంగు పూసిన వాక్యాలు కూడా వచ్చాయి. ఆమె చివరగా చదివిన పుస్తకం నూట నలభయ్యో పేజీ దగ్గర తెరుచుకుంది.

“ఈన్నుంచి చదువు మామా.”

“వద్దు పాపా. నేను ముందుకు పోతే మీ అత్త ఆగిన చోటు పోతాది.”

వేలు పంచెకు తుడుచుకుని మొదటి పేజీకి వెళ్లాడు. మొదట్లో రోజుకు పది పేజీలు చదివేవాడు. ఇప్పుడు నూట ముప్పయ్యెనిమిదో పేజీలో ఉన్నాడు. రోజుకు ఒక్క వాక్యమే చదువుతున్నాడు.