జంగు అడిగిన పాఠం

సోంబాయి ప్రోగ్రెస్ కార్డులో 'తండ్రికి చదువు పట్ల శ్రద్ధ లేదు' అని రాశారు. అది అబద్ధం. రాసినవాడు అప్పట్లో ఆమె చదివిన ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరు. నాలుగేళ్ళయినా నేనా మాటను క్షమించలేదు.

బహ్రెయిన్‌లోని జింజ్‌లో నేను కాపలా ఉండే బిల్డింగు మెట్లను ఈ ఉదయం ఫినాయిలుతో కడిగారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సోంబాయి తండ్రి జంగు గుర్తొచ్చాడు. ఆదిలాబాద్ అడవుల గోండు మనిషి. ఇక్కడే అమ్వాజ్‌లో అపార్టుమెంట్ల మెట్లు కడిగేవాడు. కూలీల క్యాంపులో నాది అతని పక్క మంచం. అతనికి సంతకం కూడా రాదు. నేనేమో బడి మొహం చూడకపోయినా పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ గర్వం నిండా ఉండేది.

శుక్రవారం మాకు సెలవు. మధ్యాహ్నం రెండున్నరకు, అంటే మన దేశంలో సాయంత్రం ఐదుకు, బడి విడిచిన వేళకు, జంగు హాస్టలు వార్డెనుకు ఫోన్ చేసేవాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు ఆ వారం పాఠం తెలుగులో చదివి వినిపించేది. తర్వాత దాన్నే గోండీలో చెప్పమనేవాడు.

"అచ్చరం రానోనివి, పిల్ల తప్పు చదివితే నీకేం ఎరుక?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"తప్పు పట్టుడు సార్ల పని కాకా. మా మాటల చెప్పరాకుంటే సమజ్ కానట్టే. గదొక్కటి నాకెరుక."

ఆ రోజు పాఠం బాష్పీభవనం. పిల్ల గడగడా అప్పజెప్పింది. గోండీలో చెప్పమనేసరికి ఆగిపోయింది. జంగు కసరలేదు, ఫోను పెట్టేయలేదు. చాలాసేపటికి అటునుంచి మాటలు, నవ్వు వినిపించాయి. ఏమందని అడిగాను.

"ఎండల పోసిన ఇప్పపువ్వు పొద్దూకేసరికి తేలికైతది గదా. గా పువ్వుల నీళ్లు గాలిల కలుస్తయట."

ఆ పదం నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. అర్థమైంది ఆ మధ్యాహ్నమే.

తల్లిదండ్రుల మీటింగుకు తండ్రి రాలేదని కార్డులో ఆ మాట రాశారు. పరీక్షల ముందు వేరే భాషలో కాలక్షేపమేమిటని హెడ్మాస్టరే ఫోనూ ఆపించాడు. జంగు ఫోనుకు కార్డు ఫొటో వస్తే నేనే చదివి వినిపించాను.

"మల్ల చదువు కాకా."

మళ్ళీ చదివాను. లేచి వెళ్ళి బట్టలు పిండి ఆరేసి వచ్చాడు.

"ఫోన్ బంద్ అయితే పిల్ల బట్టీ కొడ్తది. పదో తరగతిల కూలవడ్తది" అన్నాడు.

నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను. రాజ్యాంగంతో మొదలుపెట్టి హెడ్మాస్టరు పుట్టుక దాకా పోయాను. వినిపిస్తే జంగు నవ్వాడు.

"మస్తుగున్నది. ఇందుల నువ్వున్నవ్, సారున్నడు. నా బిడ్డేది కాకా?"

చించేసి మళ్ళీ రాశాను. తండ్రి ప్రతి శుక్రవారం ఏమడుగుతాడో, పిల్ల ఎలా చెబుతుందో రాసి, ఆ ఫోను ఒక్కటి తిరిగి ఇవ్వమని అడిగాను. "పంపు" అన్నాడు.

తర్వాత కాంట్రాక్టు ఖలాస్ అయి జంగు ఊరికి వెళ్ళిపోయాడు. నా కోపం నాతోనే ఉంది. కానీ ఇప్పుడు ఏ కాగితం చదివినా, మా అమ్మ మాటల్లో నాకు నేను చెప్పుకుని చూస్తాను. రాకపోతే మళ్ళీ మొదటినుంచి చదువుతాను. ఆ ఉత్తరానికి హెడ్మాస్టరు జవాబు రెండు నెలలకు, జంగు ఇంకా క్యాంపులో ఉండగానే, నా పేరున వచ్చింది:

"అయ్యా, ఉత్తరం అందినది. కార్డులోని మాట కొట్టివేసి సంతకం చేశాను. ఈ శుక్రవారం నుండి నా ఫోనుకే చేయగలరు. సోంబాయి తరగతిలో గోండు పిల్లలు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వారు కూడా కూర్చొని వింటామంటున్నారు. తండ్రిగారిని కొంచెం గట్టిగా మాట్లాడమనండి."