టై మాస్టారి పదకొండు ముడులు

నెల్లిమర్ల బాప్టిస్టు సంఘంలో ఎవరింట పెళ్ళి కుదిరినా ముందు పాస్టరుగారికి, ఆ వెంటనే సత్యానందానికి కబురు వెళ్తుంది. పాస్టరుగారు తేదీ రాసుకుంటారు. సత్యానందం పెళ్ళికొడుకు ఒంటి రంగు చూసుకుంటాడు. చామనఛాయవాడికి మెరూన్, తెల్లటివాడికి నీలం, మరీ బక్కపలచనివాడికి వెడల్పు చారలు. ఆయన బీరువాలో వేలాడే పదకొండు టైలలో ఒకటి మెడలో పడకుండా ఈ ముప్పై నాలుగేళ్ళలో ఆ గుడిలో ఏ పెళ్ళికొడుకూ ప్రమాణం చెయ్యలేదు. జూట్ మిల్లు టైమాఫీసులో రిటైరైన మనిషిని ఊరంతా ‘టై మాస్టారు’ అంటుంది. ఆ పిలుపు వినపడితే చాలు, ఆయన మెడ రెండంగుళాలు పెరుగుతుంది.

అన్నీ పాలిస్టరువే. పట్టు టై అంటే ఆయనకి పడదు. “సెమట సుక్క పడితే మచ్చ. మన వేసంగి పెళ్ళిళ్ళకి అది పనికొస్తాదేటి” అంటాడు. విజయనగరం వెళ్ళి ఆయన టై ఎంచుకోవడం చూసి తీరాలి. ట్యూబులైటు కింద రంగు నమ్మడు, ఎండలోకి పట్టుకెళ్తాడు. పిడికిట్లో నలిపి, పది లెక్కపెట్టి వదులుతాడు. ముడత మిగిలిందా, వెనక్కి ఇచ్చేస్తాడు. లోపలి గుడ్డ మందంగా ఉండాలి, వెనక కుట్టు లాగితే జారకూడదు, మరీ తళతళలాడకూడదు. మెరవాల్సింది పెళ్ళికొడుకట, టై కాదట. అన్నీ కుదిరాక కొట్టు యజమానితో “ఓపాలి కట్టి సూపించండి” అంటాడు. కట్టాక ఇక విప్పనివ్వడు. ముడితోనే సంచిలో పెట్టుకుని ఇంటికొస్తాడు.

ఎందుకంటే, మీరెవరితోనూ అనకండి, టై మాస్టారికి టై కట్టడం రాదు.

అందుకే ఉతకడం కూడా ముడితోనే. చన్నీళ్ళలో రవ్వంత షాంపూ కలిపి ముంచుతాడు. పిండడు, తువ్వాల్లో చుట్టి అదుముతాడు. నీడన ఆరేసి, పైన పల్చటి గుడ్డ పరిచి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టెతో మెల్లగా రుద్దుతాడు. వేడి ఎక్కువైతే పాలిస్టరు అప్పడంలా ముడుచుకుపోతుందని ఆయన భయం. పెళ్ళికొడుకులకి మాత్రం ఒక్కటే ఆజ్ఞ. “వదులు సేసి బుర్ర మీంచి తియ్యి. ముడి ముట్టుకోకు.”

పాలిస్టరు ముడి తనంతట తాను జారదన్న నమ్మకం ఆయనకి సొంత పెళ్ళిలోనే కుదిరింది. ఆ సాయంత్రం ఉక్కకి తాళలేక మెడలో మెరూన్ టైని చేతికొచ్చినట్టు లాగి పారేశాడు. మర్నాడు చూస్తే ముడితో సహా మేకుకి వేలాడుతోంది. ఆ తర్వాత అరువిచ్చిన టైలూ అంతే. పెళ్ళికొడుకుల తల్లులు తెచ్చి ఆయన భార్య రూబీకి ఇచ్చి వెళ్ళేవారు. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి ముడి ఎక్కడిదక్కడే ఉండేది.

మొన్న మే నెలలో బెన్హర్ పెళ్ళి వచ్చింది. రూబీ రెండ్రోజుల ముందు కొత్తవలసలో చెల్లెలింటికి వెళ్ళింది, పెళ్ళి పొద్దుటికి వస్తానంది. ఆ రోజు ఎనిమిదిన్నరకి బెన్హర్ సూటు తొడుక్కుని వచ్చి, వాకిట్లో కుర్చీలో మెడ చాచి కూర్చున్నాడు. సత్యానందం దర్జాగా బీరువా తెరిచాడు. పదకొండు టైలూ చక్కగా ఇస్త్రీ అయి, రిబ్బన్లలా తిన్నగా వేలాడుతున్నాయి.

“ముడులేవమ్మా?” అని కొత్త కోడలు ఉషని అడిగాడు.

“నేనే విప్పేసాను మావయ్యా. ముడితో ఉంచేస్తే గుడ్డ పాడైపోతాది కదా. మీకు కట్టడం ఎంతసేపు” అంది ఉష, మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ.

ఆయన మెరూన్ టై తీసుకుని వెనక గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. ఫోన్లో వీడియో పెట్టాడు. అందులో మనిషి ఎడమచెయ్యి ఈయనకి కుడివైపు కనపడుతోంది. మొదటిసారి పడిన ముడి గేదెని కట్టెయ్యడానికి సరిపోతుంది. రెండోసారి వెడల్పు కొస ఛాతీ దగ్గర ఆగిపోయి, సన్న కొస మోకాళ్ళకి దిగింది. నిజంగానే భయం పట్టుకుంది. పదింటికి పెళ్ళి. బోసి మెడతో బెన్హర్ గుడి మెట్లెక్కితే ముప్పై నాలుగేళ్ళ పేరు ఆ మెట్ల మీదే పోతుంది.

“అవుతన్నాదా మాస్టారూ?” బయట నుంచి బెన్హర్ కేకేశాడు.

“ఉండరా, తొందరపడితే ముడి బాగా రాదు.”

అప్పుడే రైలు దిగిన రూబీ పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. భర్తనీ, ఆయన మెడలో తాడునీ చూసింది. చేతిసంచి కింద పెట్టి, ఆ టై లాక్కుని, చీర మీదుగా తన మెడలోనే వేసుకుంది. ఒక చుట్టు, రెండో చుట్టు, లోపల్నించి కిందికి ఒక లాగు. వదులు చేసి, కొప్పు మీంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

సత్యానందం ఆ ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మా నాన్న రైల్లో టిక్కెట్లు సూసీవోడు కదా. నాకు పదేళ్ళొచ్చిన కాడినుంచి ఆయన టై నేనే కట్టీదాన్ని” అంది రూబీ.

“అయితే ఈ టైలు... ఎప్పటినుంచి?”

“మన పెళ్ళి మర్నాటినుంచి. మీ పెళ్ళికొడుకుల్లో సగం మంది ముడి పీకేసి పంపించినోళ్ళే.”

“మరి నాకు సెప్పలేదేటి?”

“సెప్పేస్తే పాలిస్టరు గురించి మీరింకేటి సెప్పుకుంటారు?”

ఆయనకి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఆమె మీద కొండంత ప్రేమ కూడా వచ్చింది. టై పట్టుకెళ్ళి బెన్హర్ మెడలో వేసి బిగించాడు. ఆరోజు మెడ ఒక్క అంగుళం కూడా పెంచలేదు.

పెళ్ళయ్యాక భోజనాల దగ్గర పాస్టరుగారు బెన్హర్ టై పట్టుకు చూసి, “ఏం కట్టారండీ సత్యానందంగారూ, ముడంటే ఇదీ” అన్నారు. నలుగురూ తలతిప్పారు. సత్యానందం గుండె దిటవు చేసుకుని నిజం చెప్పేశాడు.

“నాకు కట్టడం రాదండి. అన్నీ మా రూబీ కట్టినవే.”

బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. టై మాస్టారికి ఎంత వేళాకోళమో అనుకున్నారు. ఆడవాళ్ళ వరసలోంచి అందరికన్నా పెద్దగా నవ్వింది రూబీయే.